గది కన్నా ముందు మనుషుల్ని వెతుక్కో చెల్లీ

ప్రశ్న: అక్కా, మాది పత్తికొండ దగ్గర ఒక పల్లె. పీజీసెట్ రాస్తే కర్నూలులో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. కాలేజీ హాస్టల్లో ఖాళీ లేదని వెయిటింగ్ లిస్టులో పెట్టారు. ప్రైవేటు హాస్టల్‌కు పోతే నెలకు 5,500 అంటున్నారు. నాన్న 4,000 కన్నా ఇవ్వలేడు, అది కూడా ఈసారి పంట చేతికొస్తేనే. ఇద్దరు ముగ్గురం కలిసి గది తీసుకుందామంటే కర్నూలులో మాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఒక బ్రోకరు నెల బాడుగ కమిషన్ అడిగాడు. అమ్మేమో ఆడపిల్లలు ఒంటరిగా గదిలో ఉండటమేంటని ఏడుస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

జవాబు:

చెల్లీ, సీటు తెచ్చుకున్నావు, ముందు దానికి చాలా సంతోషం. నేను డిగ్రీ మూడేళ్లు, బీఈడీ రెండేళ్లు కర్నూలులోనే బాడుగ గదుల్లో ఉండి చదువుకున్నాను. ఆ ఐదేళ్లలో నాలుగు ఇళ్లు మారాను కాబట్టి నీ టెన్షన్ ఏంటో నాకు బాగా తెలుసు.

గది ఎక్కడ దొరుకుతుందని అడిగావు కదా, దానికన్నా ముందు ఎవరితో కలిసి ఉంటావో తేల్చుకో. మా డిగ్రీ రెండో సంవత్సరంలో ముగ్గురం కలిసి ఒక పోర్షన్ తీసుకున్నాం. రెండు గదులు, విడిగా బాత్రూమ్, రోజూ నీళ్లు, ఇల్లు చూస్తే ఏ లోపమూ లేదు. ఫిబ్రవరిలో మాలో ఒకమ్మాయికి సంబంధం కుదిరింది. రెండు రోజుల్లో పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది, పాపం ఆ అమ్మాయి చేతిలో కూడా ఏమీ లేదు. పరీక్షల ముందు కొత్తగా ఎవరు వస్తారు? ముగ్గురి బాడుగ ఇద్దరి మీద పడింది, మూడు నెలలు కట్టడానికి నా చెవి కమ్మలు కుదువ పెట్టాల్సి వచ్చింది. మధ్యలో ఎవరైనా వెళ్లిపోతే ఏం చేయాలని మేము చేరేముందు ఒక్క మాట కూడా అనుకోలేదు. స్నేహితులం కదా, డబ్బు సంగతి మాట్లాడితే ఏమనుకుంటారో అని మొహమాటపడ్డాం. ఆ మొహమాటం నువ్వు పెట్టుకోవద్దు.

కాబట్టి అడ్మిషన్ రోజునే మీ క్లాసులో, పక్క డిపార్ట్‌మెంట్లలో బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఎవరో కనుక్కో. ఆదోని, ఆలూరు, డోన్, ఆత్మకూరు, ఎక్కడినుంచి వచ్చినా నీలాగే తిరుగుతున్న పిల్లలు కచ్చితంగా ఉంటారు. ఆఫీసు ముందు క్యూలో నిలబడ్డప్పుడే అడుగు, సిగ్గుపడొద్దు. ఇంకో మంచి దారి రెండో సంవత్సరం సీనియర్లు. వాళ్ల గదిలో ఒకరు కోర్సు మానేసో, పెళ్లయ్యో, హాస్టల్ దొరికో వెళ్లిపోయి ఉంటే ఆ ఖాళీలోకి నువ్వు చేరొచ్చు. కొత్త గది వెతకడం కన్నా ఇదే నయమని నేనంటాను. ఓనరు అప్పటికే చదువుకునే పిల్లలకు ఇచ్చి అలవాటుపడి ఉంటాడు, వంట సామాను ఉంటుంది, ఆ ఇంట్లో ఎండాకాలం నీళ్లు వస్తాయా రావా అన్నది అక్కడ ఉన్న పిల్లకు తెలిసి ఉంటుంది. పీజీ అడ్మిషన్లు అయ్యేసరికి మంచి గదులు డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలు తీసేసుకుని ఉంటారని ఎవరైనా భయపెడితే భయపడకు, మొదటి రెండు నెలల్లో మారేవాళ్లు చాలామందే ఉంటారు.

ముగ్గురా, నలుగురా అన్నది డబ్బు దగ్గర తేలుతుంది. లెక్క కోసం ఒక రెండు గదుల పోర్షన్ బాడుగ 7,500 అనుకుందాం. ముగ్గురైతే తలా 2,500. కరెంటు 100, గ్యాసు, తాగేనీళ్ల క్యాన్లు కలిపి 350, కూరగాయలు, పప్పు, నూనె, పాలు అన్నీ కలిపి 1,300. బియ్యం ఇంటి నుంచి తెచ్చుకుంటావు కాబట్టి ఇందులో వేయలేదు. మొత్తం 4,250 అయింది, నాన్న ఇచ్చేదానికన్నా 250 ఎక్కువ. అదే నలుగురైతే బాడుగ 1,875కు దిగుతుంది, కరెంటు 75, గ్యాసు, నీళ్లు 300, సరుకులు అవే 1,300, మొత్తం 3,550. పై ఖర్చులకు 450 మిగులుతుంది. రెండు గదుల్లో నలుగురంటే కొంచెం ఇరుకే, ఒకరు చదువుతుంటే ఇంకొకరు పడుకోవాలి, కానీ నీ బడ్జెట్‌కు నలుగురే సరిపోతారు. ఒక్క గదిలో మాత్రం నలుగురు చేరకండి. ఎంతమంది ఉంటారన్నది ఓనరుకు ముందే నిజం చెప్పండి. ముగ్గురమని చెప్పి నాలుగో అమ్మాయిని తర్వాత తెచ్చుకుంటే ఆ ఒక్క అబద్ధం పట్టుకుని ఏడాదంతా సాధిస్తారు.

మొదటి నెల వేరే లెక్క. రెండు నెలల బాడుగ అడ్వాన్సు అడిగారనుకో, 15,000. నలుగురికి పంచితే 3,750, ఆ నెల బాడుగ 1,875, స్టవ్వు, గిన్నెలు, బకెట్లు, చాపలకు ఇంకో 1,500. అంటే ఏడు వేల పైచిలుకు ఒకేసారి కావాలి. ఇది నాన్నకు ఇప్పుడే చెప్పు. చేరే రోజు పొద్దున చెప్తే ఆయన ఎవరి దగ్గరో వడ్డీకి తేవాల్సి వస్తుంది.

ఇక వెతకడం. ఫోన్లో ఫొటోలు చూసి గది తీసుకునే ఊరు కాదు మనది. కర్నూలులో ఇప్పటికీ చాలా ఇళ్లకు గేటు మీద టూలెట్ బోర్డు తప్ప ఇంకే ప్రకటనా ఉండదు, ఆ బోర్డు మన కంటపడాలంటే వీధుల్లో తిరగాల్సిందే. మీ కాలేజీకి బస్సు, ఆటో పోయే రూటు ఏదో చూసుకుని ఆ రూటు వెంబడి ఉన్న కాలనీల్లో తిరగండి. ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అని వింటావు చూడు, 1953 నుంచి 1956 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్నప్పుడు ఉద్యోగులకు కట్టిన క్వార్టర్ల నుంచి వచ్చిన పేర్లు అవి. ఆ చుట్టుపక్కల కాలనీల్లో రిటైరైన టీచర్లు, ఉద్యోగులు కింద తాముండి పైన బాడుగకిచ్చే ఇళ్లు ఉంటాయి. ఆడపిల్లలకు నేను చెప్పేది అలాంటి ఇల్లే, ఓనర్లు ఒకే ఆవరణలో ఉండాలి. సీ క్యాంపు రైతుబజారు దగ్గరైతే కూరగాయల ఖర్చు కూడా తగ్గుతుంది, నేను ఆదివారం అక్కడికి పోయి వారానికి సరిపడా తెచ్చుకునేదాన్ని. జిరాక్సు షాపు, టిఫిన్ బండి, కిరాణా కొట్టు, ఈ మూడు చోట్లా అడుగు. పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తింటూ "అక్కా, ఈ వీధిలో ఆడపిల్లలకు ఇచ్చే గది ఏదైనా ఉందా" అని అడిగితే బ్రోకరు చెప్పని ఇళ్లు కూడా చెప్తారు. నా మూడో ఇల్లు అలాగే దొరికింది, ఒక్క రూపాయి కమిషన్ లేకుండా.

ఇంకోటి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మన ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బు లేదు కదా, ఆధార్ చూపిస్తే సరిపోతుంది. మా రోజుల్లో కాలేజీకి దగ్గరగా ఉంటే ఆటో ఖర్చు మిగులుతుందని బాడుగ ఎక్కువైనా దగ్గరే తీసుకునేవాళ్లం. నీకు ఆ బలవంతం లేదు. బస్సు ఆగే చోటికి నడిచిపోయేంత దూరంలో ఉంటే చాలు, కాస్త ఊరి చివరైనా పర్వాలేదు, బాడుగ తగ్గుతుంది. కాకపోతే సాయంత్రం చివరి బస్సు ఎన్నింటికో, ల్యాబ్ అయిపోయే టైముకు అది ఉంటుందో లేదో చూసుకోవాలి.

ఇల్లు చూడ్డానికి రెండుసార్లు వెళ్లాలి, ఒకసారి పొద్దున, ఒకసారి రాత్రి ఏడు దాటాక. పొద్దున కొళాయి తిప్పి చూడు. తాగేనీళ్లు రోజూ వస్తాయా, రోజు విడిచి రోజా, సంపు ఉందా, బోరు ఉందా, మోటారు ఎవరు వేస్తారు, ఇవన్నీ ఓనరును అడుగు, తర్వాత అవే ప్రశ్నలు పక్కింటి ఆమెను అడుగు. ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల సంగతి. సుంకేసుల బ్యారేజీలో నీళ్లు తగ్గిన ఏడాది కర్నూలులో బిందెల కోసం ఎలా పరిగెత్తాలో పరీక్షలు రాస్తూ నేను అనుభవించాను. రాత్రి వెళ్లినప్పుడు వీధిలైట్లు, సందు చివర ఎవరు కూర్చుంటున్నారు, మెయిన్ రోడ్డు నుంచి ఎంతసేపు నడవాలి, అది చూడు. లోపలి గడియ గట్టిగా ఉందా, బాత్రూమ్ మీకే విడిగా ఉందా, మిద్దె మీదికి బయటివాళ్లు వచ్చే మెట్లు ఉన్నాయా అన్నది కూడా. చేరిన రోజే పాత తాళం తీసేసి మీ సొంత తాళం వేసుకోండి.

మిద్దె మీద ఒంటి గది, లేకపోతే రేకుల గది తక్కువకు వస్తుంది. నువ్వు చేరే నెలల్లో అది చల్లగానే ఉంటుంది, గాలి బాగా వస్తుందని మురిసిపోతావు. మార్చి దాటాక కర్నూలు ఎండ సంగతి నీకు వేరే చెప్పాలా? మధ్యాహ్నం 42 డిగ్రీలు దాటి కాస్తే స్లాబు రాత్రి పన్నెండింటి దాకా సెగ కక్కుతూనే ఉంటుంది, సెమిస్టర్ పరీక్షలకు ఆ గదిలో కూర్చుని ఒక్క పేజీ చదవలేవు. వెయ్యి రూపాయలు ఎక్కువైనా పైన ఇంకో అంతస్తు ఉన్న గదే తీసుకో. అలాగే పాతబస్తీలో హంద్రీ ఒడ్డున కింది పోర్షన్ చవకగా వస్తోందంటే 2009 అక్టోబరు 2న వరద ఎంత ఎత్తు వచ్చిందో ఆ వీధిలో పెద్దవాళ్లనెవరినైనా అడిగి ఆ తర్వాత నిర్ణయించుకో.

కరెంటు గురించి కాస్త వివరంగా చెప్తాను, ఇక్కడే పిల్లల డబ్బు ఎక్కువ పోతుంది. మీ పోర్షన్‌కు విడిగా మీటరు ఉంటే బిల్లు కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ స్లాబుల ప్రకారం వస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి అమలైన టారిఫ్ తీసుకుంటే మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 31 నుంచి 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆ తర్వాత 400 దాకా 8.75. రెండు ఫ్యాన్లు, లైట్లు, మిక్సీ, ఫోన్ ఛార్జింగులకు నెలకు 70 యూనిట్లు కాలిందనుకో, యూనిట్ల ఖర్చు 177 రూపాయలు, పైన ఫిక్స్‌డ్ ఛార్జీ, సర్దుబాటు ఛార్జీలు కలుస్తాయి. అదే ఓనరు సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు 10 రూపాయలంటే అవే 70 యూనిట్లకు 700. ఇల్లంతటికీ ఒకే మీటరుంటే కింద వాళ్ల ఏసీతో కలిసి బిల్లు పై స్లాబులోకి పోతుంది, భాగం పెట్టేటప్పుడు మీ ఫ్యాను తిరిగిన యూనిట్లకు కూడా ఎక్కువ రేటు పడుతుంది. అందుకే "కరెంటు ఎంత వస్తుంది?" అని అడగొద్దు, "మీటరు విడిగా ఉందా, సర్వీసు నంబరు ఎంత?" అని అడుగు. విడి మీటరున్న ఇంటికి బాడుగ 300 ఎక్కువున్నా నేనైతే అదే తీసుకుంటాను.

గ్యాసుకు ఇంటి కనెక్షన్ లేదని దిగులుపడకు. 5 కిలోల చిన్న సిలిండరు ఏజెన్సీల్లో ఏదో ఒక గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, ఇండేన్‌వాళ్లు దాన్ని ఛోటూ అంటారు. కిలో లెక్కన పెద్ద సిలిండరు కన్నా ఖరీదే, అయినా సందుల్లో దొంగతనంగా నింపి ఇచ్చేదాని జోలికి మాత్రం పోవద్దు, అది ప్రాణాలతో ఆట.

డబ్బు ఇచ్చేటప్పుడు కాగితం ఉండాలి. స్టాంపు పేపరు మీద మామూలుగా 11 నెలల అగ్రిమెంట్ రాస్తారు. అందులో అందరి పేర్లూ ఉండాలి, ఒక్క నీ పేరు మీద రాయించుకుని మిగతావాళ్ల బాధ్యత నెత్తిన వేసుకోకు. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేముందు ఎన్ని రోజుల నోటీసు, సున్నం ఖర్చు పట్టుకుంటారా లేదా, వేసవి సెలవుల్లో ఇంటికెళ్తే ఆ రెండు నెలల బాడుగ సంగతేంటి, ఇవన్నీ అందులో రాయించు. నేను చూసిన ఒక ఓనరు మేము ఖాళీ చేసే రోజు గోడ మీద ఎప్పటివో మేకు గుంతలు చూపించి మా అడ్వాన్సులో సగం ఉంచేసుకున్నాడు, మా దగ్గర కాగితం లేదు, మా నాన్న చేతులు కట్టుకుని నిలబడి బతిమాలారు, అది నేను ఇప్పటికీ మరచిపోలేను. చేరిన రోజే గోడలు, తలుపులు, సింకు అన్నీ వీడియో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపు. బాడుగ ఫోన్‌పేలోనే కట్టు, చేతికిస్తే రసీదు అడుగు. గుర్తింపు కోసం ఆధార్ అడిగితే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇస్తే చాలు.

ఆన్‌లైన్‌లో ఇల్లు నచ్చిందా, చూడకముందే టోకెన్ అడిగారంటే ఇక వదిలేయ్. ఆర్మీలో పనిచేస్తున్నా, ఊళ్లో లేను, క్యూఆర్ కోడ్ పంపుతా, స్కాన్ చేస్తే అడ్వాన్సు వెనక్కి వస్తుంది అని నమ్మిస్తారు. మనకు డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. పొరపాటున పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

ఒక విషయం చెప్పాలా వద్దా అని ఆలోచించాను, చెప్పడమే మంచిది. ఇళ్లు అడగబోతే కొందరు "మీరేమిట్లు?" అని కులం అడుగుతారు, నీసు వండుతారా అంటారు, పేరు విని గది ఖాళీ లేదంటారు. నాతో ఉన్న ఒకమ్మాయిని రెండు వీధుల్లో ఇలాగే తిప్పి పంపారు, ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. అది నీ లోపం కాదు, నీ స్నేహితురాలి లోపం అంతకన్నా కాదు. కులం దాచిపెట్టి ఆ ఇంట్లో చేరకండి, రోజూ భయపడుతూ బతకాల్సి వస్తుంది. నలుగురికీ ఇస్తేనే తీసుకుంటామని ముందే మీలో మీరు అనుకుని, ఆ గేటు దాటి పక్క వీధికి పోండి. ఇచ్చేవాళ్లు ఉన్నారు, మాకు దొరికారు.

కలిసి ఉండబోయే పిల్లలతో ఒక సాయంత్రం కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకోండి. ఎవరైనా మధ్యలో వెళ్లిపోతే ఇంకొకరిని తెచ్చిపెట్టాలి, లేదా రెండు నెలల వాటా ఇచ్చి వెళ్లాలి, ఇది మొదట రాయండి. తర్వాత వంట వంతులు, రాత్రి ఎన్నింటికి లైటు ఆపాలి, ఫోన్ మాటలు బయటికెళ్లి మాట్లాడాలా అన్నవి. ఇంటి నుంచి ఒకరు బియ్యం, ఒకరు శెనక్కాయలు, ఒకరు జొన్నపిండి తెస్తారు, వాటికి కిలో ధర వేసి వాటాలో రాసుకోండి. మాకు గొడవలన్నీ ఇక్కడే వచ్చాయి, ఒకమ్మాయి మూట బియ్యం తెచ్చి ఏడాదంతా అది అంటూనే ఉండేది, నిజానికి తప్పు ఆమెది కాదు, మేము లెక్క కట్టలేదు.

హాస్టల్ వెయిటింగ్ లిస్టులోంచి పేరు మాత్రం తీయించుకోకు. సాంఘిక సంక్షేమ, బీసీ సంక్షేమ శాఖల కాలేజీ హాస్టళ్లు కూడా కర్నూలులో ఉన్నాయి, కులం, ఆదాయం సర్టిఫికెట్లు పట్టుకుని ఒకసారి స్వయంగా వెళ్లి అడుగు, మధ్యలో ఖాళీ అయిన సీట్ల గురించి ఫోన్లో ఎవరూ చెప్పరు.

అమ్మ సంగతికి వస్తే, ఆమెకు ఫోన్లో ఎంత చెప్పినా ఏడుపు ఆగదు. ముందు మీరే తిరిగి నచ్చిన రెండు ఇళ్లు ఎంచి పెట్టుకోండి, అప్పుడు ఒక ఆదివారం అమ్మను కర్నూలు తీసుకురా, బస్సుకు డబ్బు కూడా అక్కర్లేదు. ఇంటి గోడలు చూపించడం తర్వాత, ముందు ఓనరమ్మ దగ్గర కూర్చోబెట్టు, ఇద్దరినీ మాట్లాడుకోనివ్వు. గేటు ఎన్నింటికి వేస్తారు, ఎవరెవరు వస్తారు పోతారు, జ్వరమొస్తే ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు, ఇవన్నీ అమ్మే అడుగుతుంది, నీకు తట్టనివి కూడా అడుగుతుంది. మిగతా పిల్లల అమ్మానాన్నల నంబర్లు, ఓనరమ్మ నంబరు ఆమె ఫోన్లో ఎక్కించు. నాన్న చూడ్డానికి వచ్చినప్పుడు ఒక రాత్రి వరండాలో పడుకోనిస్తారా అని కూడా అప్పుడే అడగండి, చాలా ఇళ్లలో ఒప్పుకోరు, తర్వాత తెలిస్తే బాధగా ఉంటుంది. మా అమ్మ అయితే నా మూడో ఇల్లు చూడ్డానికి వచ్చి ఓనరమ్మతో రెండు గంటలు ఊళ్ల కబుర్లు చెప్పుకుని, వెళ్లేటప్పుడు నాతో కాకుండా ఆమెతోనే "పిల్లను చూసుకో అక్కా" అని చెప్పి బస్సెక్కింది.